నాలుగు గోల్ఫ్ మేజర్లకు మీ వరుస ఏమిటి? దేన్ని బట్టి?

ప్రశ్న

2019 మాస్టర్స్‌లో టైగర్ వుడ్స్ గెలిచినప్పటి నుంచి గోల్ఫ్ చూస్తున్నాను. నాలుగు మేజర్లలో, అంటే ఈ ఆటలో అన్నిటికంటే గౌరవమున్న నాలుగు పోటీల్లో, ఏది పెద్దది అని అడిగితే ఆలోచించకుండా మాస్టర్స్ అనేస్తాను. మిగతా మూడూ ఏడాదికో కోర్సులో జరుగుతాయి, మాస్టర్స్ మాత్రం ఎప్పుడూ అగస్టా నేషనల్‌లోనే. 12వ హోల్ ముందున్న వాగులో ఎవరి బంతి ఎప్పుడు పడిందో అందరికీ గుర్తుంటుంది. 2016లో జోర్డన్ స్పీత్ అక్కడ రెండుసార్లు నీళ్లలో కొట్టి ఆ ఒక్క హోల్‌కే 7 షాట్లు తీసుకున్నాడని, ఆ ఏడాది ఆట చూడని నాకు కూడా తెలుసు.

కానీ నాతో కలిసి చూసేవాళ్లు ఒప్పుకోరు. ఒకాయనకు ఓపెన్ (బ్రిటన్‌వాళ్ల మేజర్) ముందు ఏదీ నిలవదు. ఇంకొకరు యూఎస్ ఓపెన్ అంత కష్టమైన పోటీ లేదంటారు. పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను మొదట పెట్టేవాళ్లు నాకింతవరకు కనబడలేదు. ఎవరికి నచ్చింది వాళ్లు చెబుతున్నారే గానీ, దేన్ని బట్టి కొలవాలో ఎవరూ చెప్పడం లేదు. డబ్బును బట్టి కాదని తెలుస్తూనే ఉంది. 2025లో మేజర్ కాని ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ మొత్తం ప్రైజ్ మనీ 2.5 కోట్ల డాలర్లు, ఓపెన్‌ది 1.7 కోట్లే.

చాలాకాలంగా చూస్తున్నవాళ్లు మీ వరుస, దానికి కారణం చెప్పండి.

జవాబు 1

నా వరుస ఇది: ఓపెన్, యూఎస్ ఓపెన్, మాస్టర్స్, పీజీఏ. కారణం కొంచెం పొడుగ్గానే చెప్పాలి.

ముందుగా నేను చూసేది ఒకటే. ఒక గొప్ప ఆటగాడు ఆ టైటిల్ లేకుండానే ఆట ముగిస్తే, జనం దాన్ని వెలితిగా చెప్పుకుంటారా? శామ్ స్నీడ్‌ను తీసుకోండి. పీజీఏ టూర్‌లో (ఇది పీజీఏ ఛాంపియన్‌షిప్ కాదు, అమెరికాలో ఏడాది పొడుగునా సాగే ప్రొఫెషనల్ పోటీల వరుస) 82 విజయాలు, 7 మేజర్లు. అయినా అతని గురించి ఎవరు మాట్లాడినా కాసేపట్లోనే యూఎస్ ఓపెన్ గెలవలేదన్న మాట వచ్చి తీరుతుంది. 1939లో చివరి హోల్‌లో పార్ చేస్తే, అంటే 5 షాట్లలో ముగిస్తే టైటిల్ అతనిదే. 8 చేశాడు. 1947లో స్కోర్లు సమానమై ఆడిన ప్లేఆఫ్‌లో, చివరి గ్రీన్‌పై బంతిని కప్‌లోకి దొర్లించే చిన్న పట్ తప్పింది. ఫిల్ మికెల్సన్ అయితే యూఎస్ ఓపెన్‌లో ఆరుసార్లు రెండో స్థానంలో నిలిచాడు. 2006లో వింగ్డ్ ఫుట్‌లో 72వ హోల్‌కు, అంటే ఆఖరి హోల్‌కు, ఒక షాట్ ఆధిక్యంతో వచ్చాడు. అక్కడ డ్రైవర్ (అతి దూరం కొట్టే క్లబ్) తీసి బంతిని ఎడమవైపు టెంట్ల మీదికి కొట్టాడు, డబుల్ బోగీ (పార్ కంటే రెండు షాట్లు ఎక్కువ) పడింది, ట్రోఫీ జెఫ్ ఓగిల్వీ తీసుకెళ్లాడు. ఆ హోల్‌ను నేను ఇప్పటికీ మళ్లీ చూడలేను.

ఇక ఆర్నాల్డ్ పామర్‌ను చూడండి. 7 మేజర్లు, పీజీఏ మాత్రం లేదు. టామ్ వాట్సన్‌కు 8 మేజర్లు, అతనికీ పీజీఏ లేదు. 1978లో ఓక్‌మాంట్‌లో చివరి రౌండ్ మొదలయ్యేసరికి 5 షాట్ల ఆధిక్యంలో ఉండి కూడా ప్లేఆఫ్‌లో జాన్ మహాఫీ చేతిలో ఓడిపోయాడు. నిజానికి వింగ్డ్ ఫుట్ కంటే చిన్న దెబ్బేమీ కాదు. కానీ వాట్సన్ పేరు చెబితే అది ఎంతమందికి గుర్తొస్తుంది? స్పీత్‌కు కూడా మిగిలింది పీజీఏ ఒక్కటే. రోరీ మెకిల్‌రాయ్ మాస్టర్స్ కోసం ఎదురుచూసిన 11 ఏళ్లు లోకమంతా అతనితో పాటు ఎదురుచూసినట్టు, స్పీత్ కోసం ఎవరూ చూడటం లేదు. ఈ ప్రశ్నతోనే పీజీఏ నాలుగో స్థానానికి వెళ్లిపోతుంది.

మిగిలిన మూడింటిలో నేను చూసేది, లోపలికి ఎవరు రాగలరు అన్నది. యూఎస్ ఓపెన్ ఇక్కడ అన్నిటికంటే ముందుంటుంది. ప్రొఫెషనల్ ఎవరైనా, తగినంత తక్కువ హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చూపే అంకె, తక్కువైతే మేలు) ఉన్న అమెచ్యూర్ ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. 2025లో 10,000 మందికి పైగా చేసుకున్నారు. లోకల్ క్వాలిఫయింగ్‌లో 18 హోల్స్, ఫైనల్ క్వాలిఫయింగ్‌లో ఒకే రోజు 36 హోల్స్. వాటిని దాటితే ప్రపంచ నంబర్ వన్‌తో సమానంగా టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడతారు. 1913లో బ్రూక్‌లైన్‌లో 20 ఏళ్ల అమెచ్యూర్ ఫ్రాన్సిస్ విమెట్, పదేళ్ల కుర్రాడిని క్లబ్బులు మోసే క్యాడీగా పెట్టుకుని, ప్లేఆఫ్‌లో హ్యారీ వార్డన్‌ను, టెడ్ రేను ఓడించాడు. యూఎస్ ఓపెన్ అంటే నాకు అది. ఓపెన్‌లో కూడా ఇలాంటి దారే ఉంది. మాస్టర్స్‌లో లేదు. అక్కడ ఆడేది సుమారు 90 మంది. వారిలో వయసు మీరిన మాజీ విజేతలు కొందరు, అమెచ్యూర్లు కొందరు. వారిని తీసేస్తే నిజంగా గెలవగలిగేవాళ్లు ఇంకా తగ్గుతారు.

మరి యూఎస్ ఓపెన్ కంటే ఓపెన్ ఎందుకు ముందు? యూఎస్ ఓపెన్‌లో కష్టాన్ని నిర్వాహకులు తయారు చేస్తారు. రఫ్ (పక్కలనుండే పొడుగు గడ్డి) పెంచుతారు, గ్రీన్లు గట్టిపరుస్తారు. ఒక్కోసారి అది చెయ్యి దాటుతుంది. 2004లో షిన్నకాక్‌లో ఆఖరి రౌండ్ మధ్యలో 7వ గ్రీన్‌కు నీళ్లు కొట్టాల్సి వచ్చింది. ఓపెన్‌లో కష్టాన్ని తెచ్చేది సముద్రపు గాలి. లింక్స్ అనే ఆ సముద్రతీరపు కోర్సుల నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక కూడా చాలాదూరం దొర్లుతుంది. కాబట్టి అక్కడ బంతిని ఎత్తుగా కొట్టి గ్రీన్‌పై ఆపడం ఒక్కటే తెలిస్తే సరిపోదు. తక్కువ ఎత్తులో కొట్టాలి, నేల మీద నడిపించాలి, ఎక్కడ పడితే ఎటు తిరుగుతుందో ఊహించాలి.

2009లో టర్న్‌బెర్రీలో టామ్ వాట్సన్‌కు 59 ఏళ్లు. అతను చివరిసారి ఓపెన్ గెలిచి 26 ఏళ్లయింది. అయినా 72వ హోల్ టీ మీదికి ఒక షాట్ ఆధిక్యంతో వచ్చాడు. రెండో షాట్ చక్కగానే కొట్టాడు, బంతి గ్రీన్ మీదినుంచి దొర్లి వెనక్కి వెళ్లిపోయింది. పార్ పట్ పడలేదు. ప్లేఆఫ్‌లో స్టువర్ట్ సింక్ గెలిచాడు. ఇంకే మేజర్‌లోనైనా 59 ఏళ్ల మనిషి అంత దాకా రాగలడా? దూరం కొట్టేవాడికే అంతా కట్టబెట్టని కోర్సు కాబట్టే అది సాధ్యమైంది.

గాలి వల్ల అన్యాయం జరుగుతుందని కొందరంటారు. ఉదయం ఆడినవాడికి ఎండ, మధ్యాహ్నం ఆడినవాడికి తుఫాను. నిజమే. 2002లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి వచ్చిన టైగర్, మ్యూర్‌ఫీల్డ్‌లో శనివారం వానగాలిలో ఏకంగా 81 షాట్లు తీసుకున్నాడు. ఆరుబయట ఆడే ఆటలో ఆకాశానికి కూడా భాగం ఉండాలని నేను నమ్ముతాను.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఓపెన్‌కు ఈ గౌరవం ఎప్పుడూ ఒకేలా లేదు. 1860లో ప్రెస్ట్‌విక్‌లో 8 మందితో మొదలైంది. గత శతాబ్దం మధ్యలో అమెరికన్లు చాలామంది అటు వెళ్లేవారే కాదు. ప్రయాణం పెద్దది, బహుమతి చిన్నది. బెన్ హోగన్ జీవితం మొత్తంలో ఒక్కసారే వెళ్లాడు, 1953లో కార్నూస్టీకి. గెలిచాడు. ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ కూడా అతనివే. పీజీఏ తేదీలు ఓపెన్‌తో కలిసిపోవడంతో నాలుగోదానికి అవకాశమే లేదు. 1960లో పామర్ సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లి రెండో స్థానంలో నిలిచాడు, తర్వాతి రెండేళ్లూ గెలిచాడు. అమెరికన్లు మళ్లీ ఓపెన్ వైపు తిరగడానికి అతనే పెద్ద కారణం. కాబట్టి నేను చెప్పిన వరుస ఈ కాలానిది. 1950లో అడిగితే వేరేగా చెప్పి ఉండేవాణ్ని.

జవాబు 2

పీజీఏని అంత తేలిగ్గా తోసేస్తే ఊరుకోలేనండీ. లోపలికి ఎవరు రాగలరు అన్నదే కొలత అయితే, 156 మందిలో 20 చోట్లు క్లబ్ ప్రొఫెషనల్స్‌కు ఇచ్చే మేజర్ ఇదొక్కటే. వాళ్లు వారమంతా క్లబ్‌లో పాఠాలు చెప్పుకుంటూ, దుకాణం చూసుకుంటూ ఉండేవాళ్లు. 2023లో ఓక్ హిల్‌లో మైకేల్ బ్లాక్ అలాగే వచ్చాడు. ఆదివారం మెకిల్‌రాయ్‌తో కలిసి ఆడుతూ 15వ హోల్‌లో టీ నుంచి కొట్టిన బంతి నేరుగా కప్‌లో పడింది. 15వ స్థానం పంచుకుని మరుసటి ఏడాదికి చోటు సంపాదించాడు. ఆ సాయంత్రం చూసినవాళ్లెవరూ పీజీఏను నాలుగోది అని చులకనగా అనలేరు.

మిగిలిన చోట్లలో ప్రపంచ ర్యాంకింగ్‌లోని మొదటి వందమందిలో దాదాపు అందరూ ఉంటారు. మాస్టర్స్‌లో అది కుదరదు. 50 ఏళ్ల మికెల్సన్ 2021లో కియావాలో గెలిచి అతి పెద్ద వయసు మేజర్ విజేత అయ్యింది ఇక్కడే. 2015లో విస్లింగ్ స్ట్రెయిట్స్‌లో మన అనిర్బన్ లాహిరి ఐదో స్థానం పంచుకున్నదీ ఇక్కడే.

పీజీఏకి జరిగిన నష్టం వేరే. 1957 దాకా ఇది మ్యాచ్ ప్లే, అంటే ఇద్దరిద్దరు తలపడి ఓడినవాడు వెళ్లిపోయే పద్ధతి. వాల్టర్ హేగన్ 1924 నుంచి 1927 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచాడు, అదీ ఒక్కొక్కరినీ ముఖాముఖి ఓడిస్తూ. ఆ పద్ధతిని వదిలి 1958లో అందరి మొత్తం షాట్లు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేకి మారాక దీనికంటూ వేరే ముఖం లేకుండా పోయింది. 2019లో ఆగస్టు నుంచి మే నెలకు మార్చాక కోర్సులు బాగున్నాయి, పోటీ బాగుంది. మళ్లీ మ్యాచ్ ప్లే చేస్తే మాత్రం నేను మొదటి స్థానం ఇస్తాను.

జవాబు 3

జవాబు 1 రాసినవారికి నాదొక ప్రశ్న. వెలితితో కొలిస్తే మాస్టర్స్ కదా ముందు రావాలి? గ్రెగ్ నార్మన్ నాలుగు మేజర్లలోనూ ప్లేఆఫ్‌లో ఓడాడు. అయినా జనం చెప్పుకునేది 1987లో లారీ మైజ్ గ్రీన్ బయటి నుంచి చిప్ చేసి కప్‌లో వేయడం, 1996లో ఆరు షాట్ల ఆధిక్యం నిక్ ఫాల్డో ముందు కరిగిపోవడం. రెండూ అగస్టాలోనే.

లోపలికి రావడం సంగతీ చూద్దాం. పాత రోజుల్లో మాస్టర్స్ తలుపు మూసి ఉన్నమాట నిజం. చార్లీ సిఫోర్డ్ 1967లోనూ 1969లోనూ పీజీఏ టూర్‌లో గెలిచినా పిలుపు రాలేదు. లీ ఎల్డర్ 1975లో ఆడేదాకా అక్కడ నల్లజాతి ఆటగాడే లేడు. అయితే పీజీఏ ఛాంపియన్‌షిప్ నడిపే పీజీఏ సంఘం నియమావళిలో కూడా తెల్లవాళ్లకే సభ్యత్వం అనే నిబంధన 1961 దాకా ఉంది. ఇప్పుడైతే ఆసియా పసిఫిక్ అమెచ్యూర్ విజేతకు మాస్టర్స్‌లో చోటు ఉంది. హిడేకి మత్సుయామా ఆ దారిలోనే మొదటిసారి అగస్టా వచ్చి, 2021లో మాస్టర్స్ గెలిచాడు. చైనా కుర్రాడు గువాన్ టియాన్‌లాంగ్ 14 ఏళ్లకే అలా వచ్చి 2013లో, రెండు రౌండ్ల తర్వాత వెనకబడ్డవాళ్లను పంపేసే కట్ దాటాడు. ఇంతకంటే పెద్ద తలుపు ఏముంది?

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 2009 ఓపెన్ ఆఖరి రౌండ్ వెతికి చూస్తాను. ఒక సందేహం మిగిలింది. పోటీ గట్టిదనాన్ని బట్టి చూస్తే ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌ను ఐదో మేజర్ అనకూడదా? అది జరిగే సాగ్రాస్ కోర్సులో నీళ్ల మధ్య ఉన్న 17వ గ్రీన్ దగ్గర కలిగే టెన్షన్ కొన్ని మేజర్లలో కూడా నాకు కలగదు.

జవాబు 1 రాసినవారు

ముందు మాస్టర్స్ గురించి. వెలితి అనే కొలత నేను వాడింది పీజీఏను మిగతా మూడింటి నుంచి విడదీయడానికే. ఆ మూడింటి మధ్య అది తీర్పు చెప్పలేదు, ఎందుకంటే మూడూ లోతుగానే తగులుతాయి. స్నీడ్‌కు, మికెల్సన్‌కు యూఎస్ ఓపెన్, నార్మన్‌కు అగస్టా. ఆసియా పసిఫిక్ అమెచ్యూర్ దారి చాలా మంచి పని, మత్సుయామా సంగతి నాకూ ఇష్టం. కానీ అది ఏడాదికి ఒక్క విజేతకు. ర్యాంకింగ్‌లో 400వ స్థానంలో ఉన్న ప్రొఫెషనల్ ఆ వసంతంలో అద్భుతంగా ఆడుతున్నాడనుకోండి. అతను ఆ వేసవిలోనే యూఎస్ ఓపెన్‌కు, ఓపెన్‌కు రెండింటికీ క్వాలిఫై కావచ్చు. మాస్టర్స్‌కు రావాలంటే ముందు ఇంకెక్కడో టైటిల్ గెలవాలి, లేదా ర్యాంకింగ్‌లో 50 లోపలికి ఎక్కాలి. అందుకే మూడోది అన్నాను. ఆ స్థానం మార్చను.

క్లబ్ ప్రొఫెషనల్స్ గురించి జవాబు 2లో చెప్పింది ప్రతి మాటా నిజం. మ్యాచ్ ప్లే తిరిగి వస్తే నేను కూడా పీజీఏను పైకి జరుపుతాను.

ఇక ప్లేయర్స్. పోటీ గట్టిదే. అయితే 2022 నుంచి లివ్ అనే పోటీ టూర్‌లో చేరి పీజీఏ టూర్ సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు అందులో ఆడలేరు. వాళ్లలో అర్హత ఉన్నవాళ్లు మేజర్లలో ఆడుతూనే ఉన్నారు. ఒక టూర్ తన సభ్యుల కోసం పెట్టుకున్న పోటీకి, ఎక్కడివాళ్లైనా రాగలిగే పోటీకి ఆ తేడా ఉంటుంది. మేజర్ అని ముద్ర వేసే కమిటీ ఏదీ లేదు. 1930లో బాబీ జోన్స్ గెలిచిన, అప్పట్లో మేజర్లుగా చూసిన నాలుగింటిలో రెండు అమెచ్యూర్ పోటీలు. మాస్టర్స్ అప్పటికి పుట్టనేలేదు, అది 1934లో వచ్చింది. కాబట్టి ముందు ముందు ప్లేయర్స్‌కు కూడా ఆ గౌరవం రాదని నేననను.

ఇప్పటికైతే ఎర్నీ ఎల్స్‌ను చూడండి. యూఎస్ ఓపెన్ రెండు, ఓపెన్ రెండు. ఇందాక చెప్పిన ఆ 2002 మ్యూర్‌ఫీల్డ్ విజేత అతనే. అతనికి మాస్టర్స్ లేదు, పీజీఏ లేదు, ప్లేయర్స్ కూడా లేదు. ఎల్స్‌కు దక్కనిది ఏమిటని ఎవరినైనా అడగండి, 2004 మాస్టర్స్ అంటారు. అతను ఆట ముగించి ప్లేఆఫ్ కోసం ఎదురుచూస్తుంటే, మికెల్సన్ 18వ గ్రీన్‌పై పట్ వేసి ఒక్క షాట్ తేడాతో గెలిచేశాడు. పీజీఏ పేరు కొద్దిమంది ఎత్తుతారేమో. సాగ్రాస్ పేరు ఎత్తినవాళ్లు నాకింతవరకు తగలలేదు.