‘చదవసాగాను’ సరే, ‘చదవసాగుతాను’ ఎందుకు కుదరదు?

ప్రశ్న:
నమస్కారం. విదేశంలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు వారాంతాల్లో పాఠాలు చెబుతుంటాను. ‘చదవసాగాను’ అంటే చదవడం మొదలుపెట్టానని అర్థం చెప్పగా, ఒక పాప ‘రేపటి నుంచి చదవసాగుతాను’ అని రాసింది. తప్పని చెవికి తెలిసింది గాని కారణం చెప్పలేకపోయాను. ‘మొదలుపెడతాను’ నిక్షేపంగా కుదురుతున్నప్పుడు ఇది ఎందుకు కుదరదు? ‘చదవబోయాను’ కూడా ఈ వరుసలోనిదేనా?

మొదటి సమాధానం:
మీ చెవి సరిగానే చెప్పింది. ‘సాగు’కు సొంతంగా ఉన్న అర్థం ముందుకు నడవడం, జరుగుతూ పోవడం. అందువల్ల మరో క్రియకు తోడైనప్పుడు అది ఆరంభాన్ని మాత్రమే చెప్పి ఊరుకోదు. మొదలైన పని ఆగకుండా నడుస్తున్నట్టు, కథ చెప్పేవారు దానిని పక్కన నిలబడి చూస్తున్నట్టు చెబుతుంది. ‘ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు గాని, రెండో వాక్యం దగ్గరే ఆపేశాడు’ అనవచ్చు. అక్కడ ‘రాయసాగాడు’ పెట్టి చూడండి, వాక్యం కుంటుతుంది. ‘అతిథులు రాసాగారు’ అంటే ఒకరి వెనుక ఒకరు వస్తున్న దృశ్యం కళ్లకు కడుతుంది; ఒక్క అతిథి గుమ్మంలో అడుగుపెడితే ‘రాసాగాడు’ అనము. కథనానికి చెందిన రూపం కాబట్టే ఇది భూతకాలంలో స్థిరపడింది. రేపటి సంకల్పానికి గాని, ‘చదవసాగలేదు’ అనే వ్యతిరేకానికి గాని నేటి వాడుకలో దాదాపు కనిపించదు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడూ అరుదే: ‘పాప ఏడవసాగింది’ అనము, ‘ఏడుపు మొదలుపెట్టింది’ అంటాము.

రెండవ సమాధానం:
‘చదవబోయాను’ ఈ వరుసలోనిది కాదండీ. అది ఆరంభానికి గడప ఇవతలే నిలిచిన రూపం. ‘చెప్పబోయి ఆగిపోయింది’ అన్నప్పుడు ఒక్క మాటా బయటికి రాలేదు. ‘పడబోయాడు’ అంటే పడలేదనే అర్థం. ఇందులో ఉన్నది మనకు తెలిసిన ‘పోవు’ క్రియే. ‘చదవ’కు పూర్తి రూపమైన ‘చదవన్’ ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం ఉన్న పదం; కనుక దాని మీది పకారం సరళాదేశ సంధి (క, చ, ట, త, ప అనే పరుషాలు గ, జ, డ, ద, బ అనే సరళాలుగా మారడం) వల్ల బకారమైంది. కావ్యభాషలోని ‘చేయఁదొడఁగెను’లో ‘తొడఁగు’ మారినదీ అందుకే. ‘సాగు’లోని సకారం పరుషం కాదు కనుక మారలేదు.

మూడవ సమాధానం:
ఒక చేర్పు. వాడుకలో ఆరంభాన్ని చెప్పే పనిని చాలా చోట్ల నామవాచకానికి తోడయ్యే క్రియలే చేస్తున్నాయి. ‘ముసురు పట్టింది’, ‘చెమట పట్టింది’, ‘నిద్ర పట్టింది’ అన్నప్పుడు కొత్త స్థితిలోకి ప్రవేశించడంతో పాటు, అందులో మన ప్రమేయం లేదన్న సంగతి కూడా తెలుస్తుంది. అనువాదాల్లో ‘నిద్రపోవడం మొదలుపెట్టాడు’ అని చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పాట అయితే ‘ఎత్తుకున్నాడు’ అంటాము. పసిపిల్ల ఉన్నట్టుండి బిగ్గరగా మొదలుపెడితే ‘ఏడుపు లంకించుకుంది’ అంటాము. మీ పిల్లలకు ‘సాగు’ కంటే ముందు వీటినే నేర్పమని నా మనవి.