మెమో ఇచ్చారని ప్రమోషన్ ఆపడం న్యాయమేనా?

నల్లగొండ గుమాస్తా:
మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉన్నారు, సూపరింటెండెంట్ ప్రమోషన్ ప్యానెల్‌లో రెండో పేరు ఆయనదే. సోమవారం డీపీసీ, అంటే ప్రమోషన్లు తేల్చే కమిటీ, కూర్చుంటుందనగా శనివారం సాయంత్రం ఆరోపణలు రాసిన ఛార్జ్ మెమో చేతికొచ్చింది. ఎందుకంటే, ఆరేళ్ల కింద స్టాక్ రిజిస్టర్‌లో రెండు ఎంట్రీలు కొట్టేసి దిద్దారట! ఇన్నేళ్లూ ఆ రిజిస్టర్ ఎవరి కంటా పడలేదా? ఇప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లగాడు సూపరింటెండెంట్ అయ్యాడు, ఈయన ఫైల్ పట్టుకొని వాడి టేబుల్ ముందు నిలబడుతున్నాడు.

పాలమూరు రైతుబిడ్డ:
అన్నా, మీ బాధ మీది. పాసుబుక్కు కోసం చెప్పులరిగేలా తిరిగినోళ్లను అడుగు. లంచం తీసుకుంటుంటే ఏసీబీ వాళ్లు పట్టుకొని చేతులు కడిగిస్తే నీళ్లు గులాబీ రంగు తిరిగినోడికి కూడా ప్రమోషన్ ఇయ్యాల్నా? పై కుర్చీ ఎక్కి రేటు పెంచుతడు, అంతే.

దేవరకొండ పెన్షనర్:
ఇద్దరూ రెండు కేసులను ఒకే గాటన కట్టకండి. 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఫిర్యాదు వచ్చిందనో, ప్రాథమిక విచారణ నడుస్తోందనో ప్రమోషన్ ఆపకూడదు. ఛార్జ్ మెమో చేతికిచ్చాక, లేదా కోర్టులో ఛార్జిషీట్ వేశాకే సీల్డ్ కవర్. సస్పెన్షన్‌లో ఉన్నా అంతే. అప్పుడు కూడా పేరు పరిశీలిస్తారు, ఫలితం మాత్రం కవర్‌లో ఉంటుంది. మచ్చ లేకుండా బయటపడితే కవర్ తెరిచి జూనియర్‌కు ఇచ్చిన తేదీ నుంచే ఇస్తారు. అరియర్స్ దగ్గర మాత్రం పేచీ ఉంటుంది, నేనూ పడ్డాను.

నల్లగొండ గుమాస్తా:
సార్, రూల్ బాగానే ఉంది, కానీ మెమో తేదీ ఎవరి చేతిలో ఉంది? శనివారం మెమో, సోమవారం డీపీసీ, ఇది కాకతాళీయమా? శాఖాపరమైన విచారణ ఆరు నెలల్లో, ఎంత లేటైనా ఏడాదిలో ముగించాలని 2015లో ప్రేమ్‌నాథ్ బాలి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది కదా. ఇక్కడ ఐదు నెలలైనా ఎంక్వైరీ ఆఫీసర్‌నే వేయలేదు.

పాలమూరు రైతుబిడ్డ:
సరే, రిజిస్టర్ ఆయన్ను వదిలేయండి, నాకేం పగ లేదు. కానీ లంచం కేసుకూ ఇదే జాలి చూపిస్తే ఒప్పుకోను.

దేవరకొండ పెన్షనర్:
తమ్ముడూ, పాత మెమో అంటే రాధాకిషన్ కేసు చూపించండి. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 1987లో బయటపడ్డ వ్యవహారం మీద 1995లో మెమో ఇస్తే, ఆలస్యం చూసి ట్రిబ్యునల్ కొట్టేసింది, 1998లో సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది. ఇంకో దారి 1999 నాటి జీవో 257. డీపీసీ తర్వాత రెండేళ్లయినా కేసు తేలకపోతే అడ్‌హాక్, అంటే తాత్కాలిక ప్రమోషన్ అడగొచ్చు. డబ్బు కాజేయడం లాంటి తీవ్రమైన ఆరోపణలుంటే ఇవ్వరు, కాబట్టి రైతుబిడ్డకు ఆ భయం అక్కర్లేదు.

నల్లగొండ గుమాస్తా:
రెండేళ్లా సార్? ఆయన రిటైర్మెంట్‌కు ఉన్నది పద్నాలుగు నెలలే.