స్టాప్ సైన్ దగ్గర కారు ఆగడం లేదు, బ్రేకులు పోయాయా?

కొత్త_మిన్నియాపొలిస్: పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు పల్లంగా ఉంటుంది, ఇప్పుడు మంచు పట్టింది, చివర స్టాప్ సైన్. అక్కడ బ్రేక్ తొక్కితే కారు ఆగకుండా జారి చౌరస్తాలోకి పోతోంది. కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటోంది. వదిలి మళ్లీ మళ్లీ తొక్కినా అంతే. మెకానిక్ ప్యాడ్లు బాగున్నాయన్నాడు. రేపు ఆఫీసుకి వెళ్లాలి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

డెట్రాయిట్_బాబాయ్: టైర్లేంటి?

డెన్వర్_రావు: మనవాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా వినరు. మంచు పడే ఊళ్లో ఉంటే ఆల్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే కారు, కొనాల్సిందే. నాలుగు డబ్బులు ఎక్కువైనా ప్రాణం కంటే ఎక్కువ కాదు కదా.

డెట్రాయిట్_బాబాయ్: అది కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి.

కొత్త_మిన్నియాపొలిస్: సెకండ్ హ్యాండ్ సెడాన్ అండి, టైర్లు దాంతో వచ్చినవే. ఎం ప్లస్ ఎస్ అని రాసుంది. మంచు టైర్లేగా?

డెట్రాయిట్_బాబాయ్: కాదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉండాలి.

డెన్వర్_రావు: ఎం ప్లస్ ఎస్ అంటేనే బురద, మంచు అని. ఎందుకు కాదు?

డెట్రాయిట్_బాబాయ్: అది టైరు మీది గాళ్ల ఆకారం చూసి వేసేది. కొండ గుర్తు మంచు మీద పరీక్ష నెగ్గితేనే ఇస్తారు.

డులూత్_అక్క: ముందు పిల్లాడు అడిగింది చూడండి. తమ్ముడూ, ఆ టకటక ఏబీఎస్ చప్పుడు. చక్రాలు బిగుసుకుపోకుండా అది సెకనులోనే చాలాసార్లు బ్రేకు పట్టి వదులుతుంది. నువ్వు మధ్యలో కాలు తీస్తే దాని పని చెడుతుంది. గట్టిగా తొక్కి అలాగే పట్టుకో, స్టీరింగ్ నీ చేతిలోనే ఉంటుంది. అయితే ఐస్ మీద ఏబీఎస్ కూడా దూరాన్ని తగ్గించలేదు. మా ఊళ్లో వీధులన్నీ లేక్ సుపీరియర్ వైపు దిగేవే, అందుకే చెప్తున్నా: పల్లం మొదలవకముందే నడక వేగానికి తగ్గించి, లో గేర్‌లో దిగు. స్టాప్ సైన్ ముందు వచ్చే ప్రతి కారూ ఆగి కదులుతుంది కాబట్టి అక్కడి మంచు అద్దంలా నున్నబడుతుంది. టైరు గాడిలో క్వార్టర్ (పావు డాలర్) నాణెం తలకిందులుగా పెట్టి చూడు. దాని మీది వాషింగ్టన్ బొమ్మ తల పైభాగం మొత్తం కనిపిస్తే టైర్లు మార్చాల్సిందే.

షికాగో_శ్రీను: అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లరా?

డులూత్_అక్క: చల్లుతారు. చలి 15 ఫారన్‌హీట్ కంటే దిగితే మామూలు ఉప్పు పెద్దగా పని చేయదు.

షికాగో_శ్రీను: ఆ ఉప్పే కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. వాష్‌కి వెళ్తే అండర్ బాడీ కూడా కడిగించండి, బ్రేక్ పైపులకి తుప్పు పడితే చాలా ప్రమాదం.

కొత్త_మిన్నియాపొలిస్: తల మొత్తం కనిపిస్తోంది. రేపు ఇంటి నుంచే పని. థాంక్స్ అక్కా.

షికాగో_శ్రీను: అండర్ బాడీ వాష్ నెలకోసారి సరిపోతుందా, వారానికోసారి చేయించాలా?