అప్‌డేట్: డెడ్‌లిఫ్ట్ తర్వాత పిరుదు కింద నొప్పి తగ్గింది

డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పైకెత్తే వ్యాయామం) చేసిన మర్నాడల్లా పిరుదు అడుగున, కూర్చుంటే ఒత్తుకునే ఎముక దగ్గర నొప్పి వస్తోందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఇది సయాటికా (నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి) కాదని, తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) ఆ ఎముకకు అతుక్కునే చోట దెబ్బతిన్నదని ఫిజియోథెరపిస్ట్ పరీక్షించి తేల్చారు. తుంటి దగ్గర బాగా వంగినప్పుడు ఆ టెండన్ ఎముకకు నొక్కుకుంటుంది కనుక, చాలామంది సూచించిన స్ట్రెచింగ్ నొప్పిని పెంచిందే తప్ప తగ్గించలేదు. కొందరు కారణమన్న బెల్టుకూ, బూట్లకూ దీనితో సంబంధమే లేదు.

పనిచేసింది, వ్యాయామం పూర్తిగా మానకుండా ఎత్తే బరువు తగ్గించి కొనసాగించమన్న సలహా: మొదట కదలకుండా 45 సెకన్లు నిలిపి ఉంచే బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని పిరుదులను పైకెత్తడం), ఆపైన నెమ్మదిగా లెగ్ కర్ల్ (బరువుకు ఎదురుగా మోకాలు మడవడం), చివరగా రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి, తుంటి దగ్గర వంగి లేస్తూ బరువు ఎత్తడం). మర్నాటి ఉదయం నొప్పి పెరగలేదని చూసుకున్నాకే బరువు పెంచాను. కోలుకునేంతవరకు కేలరీలు తగ్గించడం ఆపి, ప్రోటీన్‌ను కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల వద్ద ఉంచాను. ఇప్పుడు పాత బరువునే నొప్పి లేకుండా ఎత్తుతున్నాను.