కొత్తవాడ జంపఖానాకు ఫేస్‌బుక్ పేజీ చాలదా, సొంత వెబ్‌సైటు కూడా ఉండాలా?

తోరణం (చర్చ మొదలుపెట్టినవారు)

నేను హనుమకొండలో పదమూడేళ్లుగా వెబ్‌సైట్లు తయారుచేసి బతుకుతున్నవాణ్ణి. శీర్షికలోని ప్రశ్నకు నా జవాబు 'ఉండాలి' అనే. అందులో నా పొట్టకూటి స్వార్థం ఉందని మీరు అనుకోవడం సహజం కనుక, ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుని ఆ తర్వాతే వాదనలోకి వస్తాను.

2014లో వరంగల్ కొత్తవాడలోని ఒక జంపఖానాల వ్యాపారికి సైటు చేసిచ్చాను. ఆఫీసులో పెద్ద తెర మీద అది చూడముచ్చటగా ఉండేది. పైన ఒకదాని తర్వాత ఒకటి జరిగే ఐదు పెద్ద ఫొటోలు, పక్కన ఫేస్‌బుక్ లైకుల పెట్టె, కింద 'మా గురించి' అంటూ నేనే ఇంగ్లీషులో అల్లిన నాలుగు పేరాలు. కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినప్పుడు, మిర్చి బస్తాల మధ్య నిలబడి, పరిచయస్తుడైన ఒక పెద్దమనిషికి నా పనితనం చూపిద్దామని ఫోనులో ఆ సైటు తెరిచాను. మొదటి ఫొటో సగం దిగేలోపే ఆయన పక్కవారితో మాటల్లో పడిపోయారు. తీరా పేజీ తెరుచుకున్నాక ఫోన్ నంబరు కోసం వెతికితే, అది పై ఫొటోలోనే భాగమై ఉంది. నొక్కితే కాల్ కలవదు, కాపీ చేద్దామంటే రాదు, చీటీ మీద రాసుకోవలసిందే. దుకాణానికి వచ్చేవాడికి అన్నిటికంటే ముందు కావలసిన ఆ పది అంకెలను నేను బొమ్మ చేసి పెట్టాను. మరుసటి ఏడాది ఆ వ్యాపారి డొమైన్‌కు, అంటే సైటు చిరునామాకు, డబ్బు కట్టడం మానేసి ఫేస్‌బుక్ పేజీ తెరుచుకున్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

కాబట్టి నేననేది ఏమిటంటే, మన వ్యాపారులు సోషల్ మీడియాకు వెళ్లింది దాని గొప్పతనం చూసి కాదు, మేము చేసిచ్చిన సైట్లు ఫోనులో పనికిరాక. మాకు తెలియక జరిగిందని కూడా చెప్పలేను. తెర వెడల్పును బట్టి పేజీ తనను తాను సర్దుకోవాలన్న పద్ధతికి ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్' అని పేరు పెట్టి వ్యాసం రాసింది 2010 మే నెలలో. ఫోనులో చదవడానికి అనువుగా ఉన్న పేజీలకు ఫోను వెతుకులాటలో ప్రాధాన్యం ఇస్తామని ముందే చెప్పి, గూగుల్ ఆ మార్పును 2015 ఏప్రిల్ 21న మొదలుపెట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక, కంప్యూటరు ముఖం ఎరుగని ఇళ్లలోకి కూడా ఇంటర్నెట్ ఫోను ద్వారానే వచ్చింది. ఇన్ని జరిగినా మేము చేసిందల్లా, పెద్ద తెర కోసం గీసిన మూడు నిలువు వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చి, 'మొబైల్‌కు కూడా సరిపోతుంది' అని బిల్లులో ఒక పద్దు పెంచడం. పేజీ వెడల్పు తగ్గింది గాని బరువు తగ్గలేదు. ఫోనులో వేలెడంత కనిపించే ఫొటో కోసం గోడ మీద వేసుకునేంత పెద్ద ఫైలును దింపుకోవలసి వచ్చేది.

అయినా సొంత సైటు కావాలని ఎందుకంటున్నానంటే, కొలతలు, ధరలు, ఉతికే పద్ధతి, దుకాణం తెరిచే వేళలు వంటి మారని విషయాలకు సోషల్ మీడియాలో చోటు నిలవదు. దసరాకు పెట్టిన ధరల పోస్టు సంక్రాంతికల్లా ఎక్కడో అడుగున పడిపోతుంది. పైగా 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడులో బంధుమిత్రుల పోస్టులకు పెద్దపీట వేస్తానని ప్రకటించి, వ్యాపార పేజీల పోస్టులను వెనక్కి నెట్టింది. లైకు కొట్టించుకున్న వాళ్లకే మన మాట చేరవేయడానికి డబ్బు కట్టవలసి రావడం, నా దృష్టిలో, అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చి తాళంచెవి కోసం మళ్లీ బేరమాడడం వంటిది.

కొత్తవాడ మగ్గం

తోరణం గారూ, ఆ వ్యాపారిని నేను కాదు గాని, ఆయన నడిచిన దారిలోనే నడిచాను. మీరు తప్పు ఒప్పుకున్నందుకు సంతోషం. అయితే మీ సైటు తేలికగా ఉండి ఉంటే మేము నిలిచేవాళ్లమని మీరు అనుకుంటున్నారు చూడండి, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

మా దగ్గర గిరాకీ ఎలా జరుగుతుందో చెబుతాను. కొనేవారు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి ఇలాంటిది ఉందా అని అడుగుతారు. మేము మా దగ్గరున్న నాలుగు ఫొటోలు పంపుతాము. 'తిప్పి చూపించండి' అంటారు, ఎందుకంటే జంపఖానాను రెండు వైపులా పరుచుకోవచ్చు కనుక వెనుక నేత కూడా చూడాలి. వీడియో తీసి పంపుతాము. 'అంచు దగ్గరగా తీయండి' అంటారు. చివరకు 'పది తీసుకుంటే ఎంతకిస్తారు' అన్న దగ్గర అసలు వ్యాపారం మొదలవుతుంది. ఈ మాటామంతీ అంతా మీ సైటు చేయగలదా? ధర రాసిపెడితే బేరం పోతుంది, రాయకపోతే సైటు ఎందుకు? వాట్సాప్ బిజినెస్‌లో ఇప్పుడు సరుకు జాబితా కూడా పెట్టుకోవచ్చు, అదీ రూపాయి ఖర్చు లేకుండా.

వరంగల్ దర్రీలకు, అంటే మా జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, ఇక ప్రతి మగ్గానికీ ఒక వెబ్‌సైటు ఉండాలని మాకు చెప్పని వారు లేరు. ఆ గుర్తింపు విన్న తర్వాత బయటి ఊళ్ల నుంచి మాకు వచ్చిన ఆర్డర్లలో సైటు చూసి వచ్చినది నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు.

తోరణం

బేరం గురించి మీరన్నది నిజం, అది సైటు పని కాదు. కాని ఒక్క సంస్థ మీదే అంతా ఆధారపడితే ఏమవుతుందో 2021 అక్టోబరు 4న చూశాము. ఫేస్‌బుక్, వాట్సాప్ రెండూ నడిపే ఆ సంస్థ తన నెట్‌వర్కుకు మరమ్మతు చేసుకుంటూ ఇచ్చిన ఒక ఆదేశం తప్పిపోయి, దాని సర్వర్లకు దారి చూపే వివరాలే ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగి, ఆరు గంటలకు పైగా తిరిగి రాలేదు. ఎంగిలిపూల బతుకమ్మకు అప్పటికి సరిగ్గా రెండు రోజులే ఉంది. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది, టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. వాటి మీద పోగేసుకున్న పేరు వాటితోనే పోయింది.

కొత్తవాడ మగ్గం

ఆ రోజు నాకూ గుర్తుంది. మనకు అది మొదలైంది రాత్రి తొమ్మిది దాటాక, సర్దుకుంది తెల్లవారుజామున. మా దుకాణం ఎనిమిదింటికే కట్టేస్తాము. పోయిన బేరం ఏమీ లేదు.

పాకాల

మీ ఇద్దరి వాదన చదివాక రాయాలనిపించింది. నేను నర్సంపేటలో ఇంటి దగ్గరే జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తాను. నా పని అంతా ఒక ఫొటోల యాప్ మీదే నడిచేది. రెండేళ్ల క్రితం శ్రావణమాసం మొదట్లో, ఏ కారణమూ చెప్పకుండా నా ఖాతా నిలిపివేశారు. పదకొండు రోజులకు తిరిగి వచ్చింది గాని, అప్పటికి వరలక్ష్మీ వ్రతం దాటిపోయింది. ఫిర్యాదు చేద్దామంటే మనిషి దొరకడు, ఫారం నింపితే మళ్లీ అదే ఫారం వస్తుంది. ఆ పదకొండు రోజులూ నన్ను నిలబెట్టింది కొలతలు రాసుకునే నోటు పుస్తకం. అందులో పాత ఖాతాదారుల నంబర్లు ఉండబట్టి ఒక్కొక్కరికి ఫోన్ చేశాను.

కనుక కొత్తవాడ మగ్గం గారు 'పోయిన బేరం లేదు' అన్నంత తేలికగా నేను అనలేను. కాని తోరణం గారి వైపూ పూర్తిగా లేను. అప్పుడు సైటు చేయిద్దామని అడిగితే హనుమకొండలో ఒకరు పాతిక వేలు చెప్పారు, ఏటా నిర్వహణకు మరికొంత అన్నారు. ఒక్కో జాకెట్ మీద నాకు మిగిలేది ఎంతో తెలిస్తే ఆ మాట అనేవారు కాదు. అందులో ఏముంటుందని అడిగితే ఆయన చూపించిన నమూనాలో తెర నిండా చక్రం తిరుగుతోంది, నా ఫోనులో అది తిరుగుతూనే ఉండిపోయింది.

మడికొండ

ఆ తిరిగే చక్రం మా వృత్తికి తలవంపు, అందులో సందేహం లేదు. నేనూ ఇదే పనిలో ఉన్నాను. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ 2020లో ఒక కొలమానం పెట్టింది. మా వాళ్లు దాన్ని ఆఫీసు వైఫై మీద కొలిచి పచ్చరంగు చూసుకుని తృప్తిపడతారు. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దాటాక తెరిచి చూస్తే తెలుస్తుంది ఆ పచ్చరంగు సంగతి.

తోరణం గారు లైకుల పెట్టె గురించి ఒక్క ముక్కలో దాటేశారు, అది అంత చిన్న విషయం కాదు. దాన్ని మన పేజీలో పెట్టామంటే, మన పేజీ తెరిచిన ప్రతివారి ఫోనూ ముందు వేరే సంస్థ సర్వరు దగ్గరకు వెళ్లి అక్కడి ప్రోగ్రామును దింపుకోవాలి. లైకు నొక్కినా నొక్కకపోయినా, వారు ఫలానా పేజీ చూశారన్న సమాచారం అక్కడికి చేరుతుంది. మన దుకాణం గుమ్మంలో వేరేవాడి గుమాస్తాను కూర్చోబెట్టి, దానికి కరెంటు ఖర్చు కూడా మన గిరాకీ చేత కట్టించినట్టు. పోనీ పేజీలో బంధించకుండా లింకు ఇస్తే చాలదా? చాలుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. సోషల్ మీడియాలో మన లింకు నొక్కినప్పుడు చాలాసార్లు అది క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలి చిన్న బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో దాచుకున్న లాగిన్లు అక్కడ ఉండవు. అందువల్ల చిన్న వ్యాపారుల సైటులో లాగిన్, బుట్ట, ఖాతా వంటివి పెట్టడమే తప్పని నా అభిప్రాయం. అంతదాకా వస్తే గూగుల్ మ్యాప్‌లో దుకాణం వివరాలు సరిగా నమోదు చేసుకుంటే సగం పని అయిపోతుంది. సైటు తర్వాత ఆలోచించవచ్చు.

భద్రకాళి గట్టు

నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఈ చర్చలో వ్యాపారం గురించే మాట్లాడుతున్నారు గాని, చదివేవాడి కన్ను గురించి ఎవరూ ఎత్తడం లేదు. మన జిల్లా సైట్లను ఫోనులో తెరిస్తే తెలుగు ఒత్తులు సగానికి తెగి కనిపిస్తాయి. 'లక్ష్మి' అన్న మాటలో మ-ఒత్తు కింది వరుసలోకి మునిగిపోతుంది, 'స్త్రీ' అన్నచోట ఏమి రాశారో ఊహించుకోవాలి. అవే మాటలు వాట్సాప్‌లో చక్కగా కనిపిస్తాయి. నా వంటివాడు సైటు మూసి వాట్సాప్ తెరవడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

ఒకప్పుడు సైటు చదవాలంటే ముందు పోతన ఫాంటు దింపుకోండి అని రాసి ఉండేది. బమ్మెర ఇక్కడికి ఎంతో దూరం లేదు కనుక ఆ పేరు చూసి మురిసిపోయి దింపుకునేవాళ్లం. ఇప్పుడు ఫాంటు ఫోనులోనే ఉంది, అక్షరం మాత్రం తెగుతోంది.

తోరణం

మాస్టారూ, మీరు చెప్పింది మా పనిలో అసలు దెబ్బ తగిలే చోటు. ఇంగ్లీషు అక్షరం కొలతతో చేసిన నమూనాలో వరుసకూ వరుసకూ మధ్య ఎడం అక్షరం ఎత్తుకు 1.2 రెట్లు పెడతారు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కనుక 1.6కు తగ్గితే ఇరుకవుతుంది. దానికి తోడు బటన్లకు ఎత్తు బిగించి, మిగిలినదాన్ని దాచేయమని ఆదేశం ఇస్తారు. దాంతో ఒత్తు కత్తిరించినట్టు తెగుతుంది. సరిచేయడానికి కోడులో రెండు వరుసలు మార్చితే చాలు, కాని సైటును తెలుగు మాటలతో పరీక్షించిన వారే ఉండరు. నేను ఇప్పుడు ఏ నమూనా చేసినా ముందుగా 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' అని రాసి చూస్తాను. పెద్ద సంస్థలకు కూడా ఇది అంత సులువుగా రాలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరానికి కంటికి కనిపించని ఒక సంకేతం తోడై వచ్చిన సందేశం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది, ఆపిల్ ప్రత్యేకంగా మరమ్మతు విడుదల చేయవలసి వచ్చింది.

పాకాల గారి మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆమెను కాపాడింది నోటు పుస్తకం. నేను చేయవలసింది ఆ పుస్తకంలాంటి సైటు గాని, తిరిగే చక్రం కాదు. లెక్క వేసి చూడండి. యూనికోడ్‌లో రాసిన తెలుగు పేజీలో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'స్త్రీ'లో ఆరు సంకేతాలు ఉన్నాయి కనుక అదొక్కటే 18 బైట్లు. అలా 4,000 సంకేతాల పేజీ రాసినా 12 కిలోబైట్లే, అంటే మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫొటోలో చిన్న ముక్క. కొలతలు, ధరల శ్రేణి, వేళలు, దారి, నొక్కగానే కలిసే నంబరు, నేరుగా వాట్సాప్ తెరిచే లింకు, కుదించిన నాలుగు ఫొటోలు. ఇంతే ఒక్క పేజీ. బేరం వాట్సాప్‌లోనే జరగనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. లింకు పంపినప్పుడు దుకాణం పేరు, ఒక జంపఖానా బొమ్మ దానితో పాటు కనిపించేలా చేయడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే మోసపు లింకుల కాలంలో ఒట్టి లింకును ఎవరూ నొక్కరు. దీనికి పాతిక వేలు అడిగేవాడి దగ్గరకు వెళ్లకండి. డొమైన్ మాత్రం మీ పేరు మీదే కొనండి, మా పేరు మీద కాదు.

కొత్తవాడ మగ్గం

ఒక్క పేజీ అంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు, చూద్దాం. దానివల్ల గిరాకీ పెరుగుతుందని మాత్రం ఇప్పటికీ నమ్మను. అయితే ఒక ఉపయోగం కనిపిస్తోంది. రోజుకు ఇరవై మంది అడిగే కొలతలకు ఇరవై సార్లు జవాబు టైపు చేయడం తప్పుతుంది. ఇక్కడివారికి అడుగుల్లో చెప్పాలి, బయటివారు సెంటీమీటర్లు అడుగుతారు. రెండూ పక్కపక్కన పట్టికగా రాస్తే ఫోను వెడల్పులో పడతాయా?

తోరణం

పట్టికగా పెడితే పక్కకు జరుపుకుంటూ చదవాలి, అది వద్దు. ఒక్కో కొలతను విడి పెట్టెలో పెట్టి, అడుగులు పెద్ద అక్షరాల్లో, సెంటీమీటర్లు దాని కింద చిన్న అక్షరాల్లో రాద్దాం. కొలతల జాబితా నాకు ఎలా పంపుతారు? మీ అలవాటు ప్రకారం వాట్సాప్‌లోనే పంపించండి, కాకపోతే దయచేసి చీటీ ఫొటో తీసి కాకుండా టైపు చేసి పంపండి.