నెలలపాటు సిగరెట్ మానేసి మళ్ళీ మొదలెట్టా, ఈసారి క్రేవింగ్ అప్పటికన్నా ఘోరంగా ఉంది, ఏం చేయాలి?

రాత్రిడ్యూటీ అడిగారు:

అందరికీ నమస్తే. చాలా ఏళ్ళ అలవాటు నాది, రోజుకి పెట్టె పైనే లాగేవాణ్ణి. పోయినేడాది గట్టిగా అనుకుని ఒక్కసారే ఆపేశా, నికోటిన్ గమ్ లేదు, ఒంటికి అంటించుకునే ప్యాచ్ లేదు ఏమీ లేదు, మొదటి వారం చుక్కలు కనపడ్డాయి కానీ ఎలాగో నిలబడ్డా. నెలలు గడిచాయి, పక్కన ఎవడు వెలిగించినా పట్టించుకోని స్టేజ్ కొచ్చేశా. తర్వాత ఆఫీసులో పని నెత్తిమీదకొచ్చింది, ఒకరోజు డ్యూటీ అయ్యాక ఫ్రెండ్ వెలిగిస్తుంటే ఒక్క దమ్ము ఇవ్వరా అన్నా. అంతే. ఆ వారం ఒకటి, తర్వాత వారం రెండు, గోటితో పోయేది గొడ్డలి దాకా అన్నట్టు ఇప్పుడు మళ్ళీ సగం పెట్టె.

నాకు అర్థం కానిదేంటంటే, అన్ని నెలలు లేకుండా ఉన్నవాణ్ణి ఇప్పుడు రెండు గంటలు ఆగలేకపోతున్నా. మీటింగ్ లో కూర్చుంటే ఎవరేం అంటున్నారో చెవికెక్కదు, ఎప్పుడవుద్దా ఎప్పుడు కిందకి దిగుదామా అనే. ఇంట్లో తెలీదు. మా ఆవిడ అయితే మా ఆయన మానేశాడని చుట్టాలందరికీ చెప్పుకుంది పాపం, నేనేమో మౌత్ వాష్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నా.

రెండోసారి మానడం మొదటిదానికన్నా కష్టమా? అప్పుడు పడ్డ కష్టమంతా బూడిదేనా? ముందు బాగా తగ్గించుకుని తర్వాత మానితే బెటరా? క్రేవింగ్ వచ్చినప్పుడు ఆ కాసేపు మీరంతా ఏం చేసేవాళ్ళు? విల్ పవర్ లెక్చర్లు మాత్రం వద్దు ప్లీజ్.

---

పాతపొగ:

బ్రో, నువ్వు రాసిందాంట్లోనే నీ జవాబు ఉంది, ఆ రెండు గంటలు చూడు. సిగరెట్లో అలవాటు చేసే పదార్థం నికోటిన్, అది పీల్చగానే పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరుద్ది, తర్వాత రక్తంలో దాదాపు 2 గంటలకి సగానికి పడిపోద్ది. నీకు సరిగ్గా అప్పుడే మీటింగ్ చెవికెక్కడం మానేస్తోంది. అంటే నువ్వు ఇప్పుడు పడుతున్నది మానేసినప్పుడు పడే బాధే, కాకపోతే దాన్ని రోజుకి ఏడెనిమిది సార్లు మొదట్నుంచీ పడుతున్నావ్. పూర్తిగా ఆపినోడికి రెండో రోజో మూడో రోజో అది పీక్ కి వెళ్ళి అక్కణ్ణుంచి దిగడం మొదలవుద్ది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. నువ్వు మాత్రం దిగే చోటుకి వెళ్ళకముందే ఇంకోటి వెలిగించి మళ్ళీ పైకి ఎక్కుతున్నావ్. అందుకే అప్పటికన్నా ఘోరంగా అనిపిస్తోంది. అప్పుడు మానేశావ్, ఇప్పుడు మానలేదు, రెండిటికీ పోలిక పెట్టి రెండోసారి కష్టం అనుకుంటున్నావ్.

అందుకే తగ్గించుకుంటూ పోదాం అనేది కూడా నీలాంటి కేసులో నాకు నచ్చదు. ఏ సాయం లేకుండా ఊరికే తగ్గిస్తే మిగిలిన ఆ నాలుగైదు సిగరెట్లు బంగారం అయిపోతాయ్, ఒక్కోదానికోసం గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావ్, పైగా తెలీకుండానే గట్టిగా లోతుగా లాగుతావ్ కాబట్టి లెక్కలో తగ్గినంత ఒంట్లో తగ్గదు. ఒక డేట్ పెట్టుకో, వారం పది రోజుల్లోపు. దూరంగా పెడితే అది రాదు.

కష్టమంతా బూడిదేనా అన్నావ్ చూడు, అసలు డేంజర్ ఆ మాటే. అలన్ మార్లాట్ అని ఒక అమెరికన్ సైకాలజిస్ట్ ఉండేవాడు, మందూ సిగరెట్టూ మానినోళ్ళు మళ్ళీ ఎలా జారతారనే దానిమీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆయన 1980ల్లోనే చెప్పిందేంటంటే ఒకసారి కాలు జారడం వేరు, పూర్తిగా పాత అలవాటుకి తిరిగెళ్ళడం వేరు, ఈ రెండిటి మధ్య మనిషిని కిందకి తోసేది ఎక్కువగా ఆ మొదటి సిగరెట్ తర్వాత వచ్చే ఆలోచన, ఛీ నేనింతే ఎలాగూ చెడిపోయింది కదా అనేది. నీకు ఆ మొదటి దమ్ము దగ్గర్నుంచి సగం పెట్టె దాకా వారాలు పట్టింది, ఆ వారాల్లో ఎన్నిసార్లు ఎలాగూ మొదలైంది కదా అనుకున్నావో నీకే తెలుసు.

ఇంక ఆ కాసేపు ఏం చేయాలి అంటే, క్రేవింగ్ ఒక్కొక్కటీ ఎక్కువసేపు ఉండదు, కొన్ని నిమిషాలే. నాకు పనిచేసింది చెప్తా, నవ్వకు. అది వచ్చినప్పుడు పారిపోకుండా ఒంట్లో ఎక్కడుందో వెతికేవాణ్ణి. నాకు కింది దవడ బిగుసుకునేది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, కుడిచేతి రెండు వేళ్ళు వాటంతట అవే దగ్గరకొచ్చేవి. దాన్ని అలా చూస్తా ఉంటే అల లాగా లేస్తది, ఒకచోట ఇంక పెరగదు, తర్వాత విరుగుద్ది. ఇది కూడా ఆ మార్లాట్ చెప్పిన పద్ధతే, నాకు తర్వాత తెలిసింది. మొదట్లో కుదరదు, నాలుగోసారో ఐదోసారో నుంచి కుదురుద్ది. అది చేయలేనప్పుడు చోటు మారడం ఒక్కటే, కుర్చీలోనే కూర్చుని పోరాడకు, లేచి నడువ్, చల్లటి నీళ్ళు చిన్న చిన్న గుక్కల్లో తాగు.

---

సింహం:

అన్నీ సాకులు. మగాడన్నాక మాట మీద నిలబడాలి. నేను ఒకే దెబ్బకి మానేశా, గమ్ములు ప్యాచ్ లు అన్నీ కంపెనీల బిజినెస్.

---

నీలిమబ్బు:

సింహం గారూ, ఆయన ఆ లెక్చరే వద్దన్నాడు. మీకు కుదిరింది, సంతోషం. నేను ఆడదాన్ని, నేనూ కాల్చేదాన్ని, మాట మీద నిలబడే మగతనం లేకుండానే మానేశా.

రాత్రిడ్యూటీ గారూ, ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తా. మీరు కాఫీ ఎంత తాగుతారు? మానేసిన మొదటి వారాల్లో నాకు గుండె దడ, చేతులు వణుకు, రాత్రి కళ్ళు మూతపడకపోవడం, అంతా సిగరెట్ లేకే అనుకున్నా, ఈ దడకి ఒక్కటి కాల్చేస్తే పోద్ది కదా అని ఎన్నిసార్లు అనిపించిందో. తీరా చూస్తే అందులో సగం కాఫీ. పొగలో ఉండే తారు పదార్థాల వల్ల లివర్ కెఫీన్ ని మామూలు కన్నా స్పీడ్ గా ఖర్చు చేసేస్తుందంట (నికోటిన్ వల్ల కాదు, అందుకే గమ్ వాడినా ఆ స్పీడ్ ఉండదు). పొగ ఆపగానే కొన్ని రోజుల్లో ఆ స్పీడ్ పడిపోద్ది, మీరు ఎప్పట్లాగే తాగే కప్పులకే ఒంట్లో కెఫీన్ దాదాపు డబుల్ అవుద్ది. డ్యూటీ కోసం ఇంకో రెండు కప్పులు ఎక్కువ తాగుతారు, మానేశారు కాబట్టి చేతికి ఏదో ఒకటి కావాలి కదా. డేట్ పెట్టుకున్న రోజు నుంచే కప్పులు సగం చేయండి, మధ్యాహ్నం తర్వాత వద్దు. ఎంత తేడా వచ్చిందో నేను చెప్తే నమ్మరు.

ఇంకోటి, మీ ఆవిడకి చెప్పేయండి. నీతి కోసం కాదు. దాస్తున్నంత కాలం మీకు రోజులో సగం ప్లానింగ్ దానికే పోతోంది, ఎక్కడ కాల్చాలి ఎప్పుడు పుక్కిలించాలి ఏ చొక్కా ఎక్కడ పడేయాలి అని. క్రేవింగ్ ని మించి అలిసిపోయేది దాంతోనే. పైగా మళ్ళీ మానేటప్పుడు మీకు చిరాకు వస్తది, ఊరికే కసురుకుంటారు, ఎందుకో ఆవిడకి తెలీకపోతే అది ఇంకో గొడవ, ఆ గొడవకి ఇంకో సిగరెట్.

---

మాత్రలపెట్టె:

నేను ఫార్మసిస్ట్ ని. బిజినెస్ అన్నాయన సంగతి పక్కన పెడితే, గమ్, ప్యాచ్ లాంటివి వాడితే మానేసే అవకాశం పెరుగుతుందనేది ఎన్నో ట్రయల్స్ లో తేలిన విషయం. కానీ గమ్ కొనేవాళ్ళలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్ లాగా నమిలేసి, ఎక్కిళ్ళొచ్చి కడుపులో మండి, ఇది పనికిరాదని పడేస్తారు. నమిలి రసం మింగితే నికోటిన్ కడుపులోకి పోతుంది, అక్కడ దాంతో పెద్దగా లాభం లేదు. అది నోటి లోపలి చర్మం నుంచే ఎక్కాలి. నెమ్మదిగా నాలుగు నమలండి, నాలిక చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టండి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ కొంచెం నమిలి ఇంకో పక్కన పెట్టండి, అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, జ్యూస్, కూల్ డ్రింక్ ఏవీ వద్దు, పులుపుకి నికోటిన్ నోట్లో ఎక్కదు.

నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాలంటే 4 మి.గ్రా., లేకపోతే 2 మి.గ్రా. సరిపోతుంది. రోజుకి 24 దాటకూడదు. ఇంకో ముఖ్యమైనది, గమ్ సిగరెట్ లాగా సెకన్లలో ఎక్కదు, నిమిషాలు పడుతుంది. కాబట్టి నాలిక పీకడం మొదలయ్యాక వెతుక్కుంటే లేటైనట్టే, మీటింగ్ కి వెళ్ళే ముందే నోట్లో పెట్టుకోండి.

మీలాంటి వాళ్ళకి ఒక్క గమ్ కన్నా ప్యాచ్ ప్లస్ గమ్ మంచిది. ప్యాచ్ రోజంతా కింద ఒక లెవెల్ పట్టి ఉంచుతుంది, పైన వచ్చే కుదుపులకి గమ్. రోజుకి 10 దాటి కాల్చేవాళ్ళు మామూలుగా 21 మి.గ్రా. ప్యాచ్ తో ఆరు వారాలు, తర్వాత 14, తర్వాత 7 రెండేసి వారాలు. 10 లోపైతే 14 నుంచే మొదలు. రోజూ చోటు మార్చి అంటించండి, లేకపోతే అక్కడ ఎర్రగా దురద. రాత్రి పిచ్చి కలలొస్తే పడుకునేముందు తీసేయొచ్చు. గుండె జబ్బు ఉన్నా, ఆడవాళ్ళు గర్భంతో ఉన్నా డాక్టర్ ని అడక్కుండా ఇవేవీ మొదలుపెట్టొద్దు.

నీలిమబ్బు గారు చెప్పిన కాఫీ సంగతి కరెక్ట్, నూటికి తొంభైమందికి తెలీదు. అదే కారణంతో థియోఫిలిన్ (ఆస్తమాకి), క్లోజాపిన్ (మానసిక జబ్బుకి) లాంటి మందులు వాడేవాళ్ళు పొగ మానే ముందు డాక్టర్ కి తప్పకుండా చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు.

---

రాత్రిడ్యూటీ:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మానేసినప్పుడు పడే బాధే రోజంతా పడుతున్నా అన్న ముక్క బుర్రలో గట్టిగా దిగింది అన్నా. పొద్దున లేవగానే బాల్కనీలోకే పోతా కాబట్టి నాది 4 మి.గ్రా. కేసే అనుకుంటా. కాఫీ గురించి అడక్కండి, లెక్క కూడా లేదు.

ఇంకో రెండు డౌట్లు. డాక్టర్ రాసే మాత్ర ఒకటుంది కదా, వరెనిక్లిన్, అది వేసుకుంటే డిప్రెషన్ వస్తుంది, చచ్చిపోవాలనిపిస్తుంది అని ఎక్కడో చదివా, నిజమేనా? రెండోది, డేట్ పెట్టుకున్నాక మళ్ళీ ఒకటి కాలిస్తే? ప్యాచ్ ఉండగా కాలిస్తే హార్ట్ ఎటాక్ వస్తుందంటున్నారు.

---

మాత్రలపెట్టె:

మీరు చదివింది పాత భయం. ఆ మందు 2006లో అమెరికాలో అనుమతి పొందింది, తర్వాత అలాంటి కంప్లైంట్లు రావడంతో డబ్బా మీద గట్టి హెచ్చరిక పెట్టారు. దాన్ని తేల్చడానికే 8,000 మందికి పైగా మీద ఈగల్స్ అని పెద్ద ట్రయల్ చేశారు, మానసిక సమస్యలున్నవాళ్ళనీ అందులో చేర్చారు. 2016లో రిజల్ట్ వచ్చింది, ప్యాచ్ తో, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అలాంటి ఇబ్బందులు చెప్పుకోదగ్గట్టు ఎక్కువ కాలేదు. అదే ఏడాది చివర్లో ఆ హెచ్చరిక తీసేశారు. అయినా మూడ్ లో తేడా వస్తే ఆపి డాక్టర్ కి చెప్పడం మామూలు జాగ్రత్త. ఎక్కువమందికి వచ్చేది వికారం, భోజనం చేశాక గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుంటే తగ్గుతుంది. ఆ మందు మెదడులో నికోటిన్ కూర్చునే చోటే కూర్చుని కొంచెం పనిచేస్తుంది, కొంచెం అడ్డుకుంటుంది, అందుకే దాని మీద ఉన్నప్పుడు కాల్చినా పాత మజా రాదు. కోర్సు 12 వారాలు. కిడ్నీ సమస్య ఉంటే డోసు వేరు. ఇది ప్రిస్క్రిప్షన్ మందు, దయచేసి సొంతంగా కొనొద్దు.

ప్యాచ్ ఉండగా ఒకటి కాలిస్తే హార్ట్ ఎటాక్ అనేది కూడా అలాంటి పుకారే. తల తిరగడం, కడుపులో తిప్పడం ఉండొచ్చు. కాల్చమని చెప్పట్లేదు.

---

పాతపొగ:

రెండో డౌట్ కి నాదో మాట. కాలిస్తే ప్యాచ్ పీకి పడేయకు, అందరూ చేసే పని అదే, ఎలాగూ చెడిపోయింది కదా అని. అలాగే ఉంచి ఆ రోజు మిగతాది నడిపించు. పెట్టెలో మిగిలినవి నీళ్ళలో ముంచి పడేయ్, డస్ట్ బిన్ లో ఊరికే వేస్తే రాత్రికి తీసి కాలుస్తావ్, ఆ టైపు నాకు తెలుసు. మళ్ళీ కొత్త డేట్ పెట్టకు, డేట్ అదే. ఏ టైమ్ కి, ఎవరితో ఉండగా, దానికి ముందు ఏం జరిగింది అని ఫోన్ లో ఒక లైన్ రాసుకో చాలు.

మందు పార్టీలు మొదటి నెల మానుకో, రెండు పెగ్గుల తర్వాత ఎవడి డేటూ ఎవడికీ గుర్తుండదు. ఆ ఫ్రెండ్ కి కూడా ముందే చెప్పు, నేను అడిగినా ఇవ్వకురా అని, ఇస్తే ఏమవుద్దో కూడా చెప్పు.

---

రాత్రిడ్యూటీ:

వచ్చే సోమవారం అనుకుంటున్నా, ఆరోజు డ్యూటీ లేదు. ఇంట్లో ఇవాళ రాత్రికి చెప్తా. మాత్రలపెట్టె గారూ, ప్యాచ్ ముందురోజు రాత్రే అంటించుకోవాలా, పొద్దున లేచాకా?

---

మాత్రలపెట్టె:

పొద్దున లేవగానే, బాల్కనీలోకి వెళ్ళకముందు. చేయి పైభాగంలో వెంట్రుకల్లేని చోట పది సెకన్లు అరచేత్తో నొక్కిపట్టండి. అది ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఆ మొదటి పొద్దున మాత్రం గమ్ పక్కనే పెట్టుకోండి.