ఒకే సైటులో ఇల్లూ క్లినిక్కూ: దారులు ఎలా వేరు చేయాలి?

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, కృష్ణరాజపురం, బెంగళూరు):

నమస్కారమండి. మాకిక్కడ తూర్పు రోడ్డున్న 40×60 సైటు ఉంది. మా అమ్మాయి దంతవైద్యురాలు, అల్లుడు పిల్లల వైద్యుడు. ఇన్నాళ్లూ వేర్వేరు అద్దె గదుల్లో చూస్తున్న రోగులను ఇకపై ఒకేచోట చూడాలనీ, అందరం అక్కడే కాపురముండాలనీ నిర్ణయించుకున్నాం. కింద క్లినిక్, పైన రెండంతస్తుల ఇల్లు, రెండింటికీ ఒకే గేటూ ఒకే మెట్లూ పెడితే ఖర్చు కలిసివస్తుందని మేస్త్రీ అంటున్నాడు. అది నిజమే కావచ్చు. కానీ మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ రోజూ మెట్లెక్కాలి, జ్వరంతో వచ్చిన పిల్లలు కూర్చునే చోటు మీదుగా మా మనవరాలు బడికి వెళ్లాలి; ఈ రెండూ తలచుకుంటే నాకు మనసు ఒప్పడం లేదు. సైటు నడుమ ఇరవై ఏళ్ల కిందట నేను నాటిన వేపచెట్టు ఉంది, దాన్ని కొట్టేస్తే తప్ప ప్లాను కుదరదని కూడా అంటున్నాడు. ఇలాంటివి కట్టినవారు, అందులో ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (ఆర్కిటెక్టు, ఇందిరానగర్):

చెట్టు కొట్టించకండి. కొట్టాలన్నా 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి. అసలు మీ చిక్కును విప్పేది ఆ చెట్టేనని నాకనిపిస్తోంది. అర్జెంటీనాలోని లా ప్లాటా నగరంలో కురుచెట్ అనే శస్త్రవైద్యుడి కోసం లె కార్బూజియే అనే పేరుమోసిన ఆర్కిటెక్టు ఇరుకైన స్థలంలో ఇల్లూ క్లినిక్కూ కలిపి రూపొందించాడు; 1949లో మొదలైన ఆ కట్టడం 1953కు పూర్తయింది. రోడ్డు వైపు క్లినిక్, వెనుక ఇల్లు, రెండింటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, ఆ ఖాళీలో ఒక చెట్టు. క్లినిక్ పైకప్పే ఇంటివాళ్లు కూర్చునే డాబా.

మీరు దాన్ని మక్కికి మక్కి దించనక్కరలేదు. రోడ్డు వైపు క్లినిక్, దాని వెనుక వేపచెట్టున్న పెరడు, పెరటి వెనుక నేలమీదే మీ ఇద్దరి పడకగదీ వంటిల్లూ, పైన పిల్లల గదులు పెడితే మీ ఆవిడకు మెట్ల పని ఉండదు. ఇంటికి ఉత్తరం వైపు వేరే గేటు పెట్టి, అక్కడి నుంచి పెరటిదాకా నేరుగా దారి వదలండి. క్లినిక్‌లోంచి ఇంట్లోకి ఒక్క తలుపు చాలు, అది డాక్టరు గదిలోంచే ఉండాలి.

ర్యాంపును మాత్రం అన్నిటికన్నా ముందు గీయించండి. రోడ్డు మట్టానికి అడుగున్నర ఎత్తులో క్లినిక్ నేల పెడితే, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున ర్యాంపే 18 అడుగులవుతుంది, చక్రాల కుర్చీ తిరగడానికి కిందా పైనా అయిదేసి అడుగులు కలిపితే మొత్తం 28. చివర్లో మిగిలిన జాగాలో ఇరికించిన ర్యాంపు నిటారుగా తయారై, పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి గోడ పట్టుకుని ఎక్కాల్సి వస్తుంది. ఇక మీ జోనులో, మీ రోడ్డు వెడల్పుకు క్లినిక్‌గా ఎంత విస్తీర్ణం ఒప్పుకుంటారో రాతపూర్వకంగా తెలుసుకోకుండా పునాది తీయవద్దు.

జవాబు (నెల్లూరులో క్లినిక్ మీది ఇంట్లో పెరిగిన గృహిణి, మారతహళ్ళి):

మా నాన్నగారు వైద్యులు, మాకు ఒకటే మెట్లదారి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మూడో మెట్టు మీదా నాలుగో మెట్టు మీదా రోగులు కూర్చుని ఉండేవారు, మేము చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ల మధ్య నుంచి ఎక్కేవాళ్లం. ఒక వేసవిలో నాకూ తమ్ముడికీ వరసగా తట్టు పోసింది. తట్టు పోసిన బిడ్డ వెళ్లిపోయాక కూడా రెండు గంటలదాకా ఆ వైరస్ గాలిలో ఉండగలదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకే చెబుతున్నాను బాబాయిగారూ, మెట్లు వేరు చేస్తే చాలదు, గాలి కూడా వేరు కావాలి. రోగులు కూర్చునే గది కిటికీలు మీ పెరట్లోకి తెరుచుకోకూడదు. కాలింగ్ బెల్లులు రెండు పెట్టించి, వాటి మోత వేరువేరుగా ఉండేలా చూడండి. రాత్రి పదింటికి మోగింది ఏదో తెలియక మా అమ్మ ప్రతిసారీ అన్నం ముందు నుంచి లేచేది.

జవాబు (దంతవైద్యుడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్):

పళ్లు చూసే కుర్చీకి నీరు, డ్రైనేజీ, గాలి, సక్షన్ (నోట్లోని తడిని లాగే గొట్టం), కరెంటు అన్నీ నేల కిందుగానే వస్తాయి కనుక టైల్స్ వేయకముందే కుర్చీ ఎక్కడో అమ్మాయిగారు సుద్దతో గీసి చూపాలి. ఆ గాలిని అందించే కంప్రెసర్ మోత చేస్తుంది, అది ఏ పడకగది కిందా ఉండకూడదు. పళ్ల ఎక్స్‌రే యంత్రానికీ అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ అవసరం. అల్లుడుగారి టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, దానికి ఇన్వర్టర్ నుంచి విడిగా లైను లాగించండి.

చాలామంది మరిచిపోయేది చెత్త. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లౌజులూ గొట్టాలూ ఎరుపు సంచిలోకి, సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి, గాజు నీలం పెట్టెలోకి వెళ్లాలి. రక్తం అంటిన చెత్తను 48 గంటలకు మించి ఉంచకూడదు. కాబట్టి తీసుకెళ్లేవాడు మీ గేటు తాకకుండా రోడ్డు మీద నుంచే అందుకునేలా తాళమున్న చిన్న గది కట్టండి. కరెంటు మీటర్లూ రెండు తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఉదయం టేపు పట్టి కొలిచాను. వేప మొదలు రోడ్డుకు 33 అడుగుల దూరంలో ఉంది, ముందు క్లినిక్‌కూ వెనుక ఇంటికీ చోటు సరిపోతుందనే తోస్తోంది. మా అమ్మాయి కూడా ఉత్తరం గేటుకు ఒప్పుకుంది. ఒక్క సందేహం మిగిలింది: పెరట్లోనే సంపు తవ్వవచ్చా?

ఆర్కిటెక్టు:

వద్దండి. వేప వేళ్లు ఏళ్లు గడిచేకొద్దీ సంపు గోడను నెడతాయి. సంపును ఉత్తరం గేటు దగ్గర తవ్వి, వాననీటి గుంతను ఆగ్నేయ మూలకు జరపండి; మీ కొలతలున్న సైటుకు అది ఎలాగూ తప్పనిసరి.